పాత ట్రాక్టరుకు కొత్త ఆల్టర్నేటరు



ఇంట్లో పాత ట్రాక్టరు ఉన్నవాళ్ళ కోసం ఈ రోజు కొన్ని సంగతులు చెప్పుకుందాం. 1959లో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు తయారైంది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ మొదలై మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు చేసింది. ఆ దశకంలోనే మహీంద్రా వారి ఇంటర్నేషనల్ బి-275 వచ్చింది, 1970 దశకంలో హెచ్.ఎం.టి. జెటార్ వచ్చింది. ఈ తరం బండ్లు గట్టివి. ఇంజను ఒకసారి విప్పి బోరు చేయించి రింగులు మారిస్తే మళ్ళీ పదేళ్ళు దున్నుతాయి. వాటికి ముందుగా ముసలితనం వచ్చేది ఇంజనుకు కాదు, కరెంటుకు.

లక్షణాలు మీకు తెలిసినవే. సాయంత్రం దాకా బాగా పనిచేసిన బండి తెల్లవారి సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది. నలుగురిని పిలిచి తోయించాలి, లేదా ముందురోజే పల్లం చూసి నిలపాలి. రాత్రి లైట్లు వేస్తే వెలుగు ఎర్రగా పడుతుంది. రైజు చేస్తే తెల్లబడుతుంది, తగ్గిస్తే మళ్ళీ ఎర్రబడుతుంది. బ్యాటరీ పోయిందని కొత్తది కొంటాం. ఏడాది తిరక్కుండా అదీ అంతే అవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: ‘డైనమో తీసి పారేసి ఆల్టర్నేటరు పెట్టించు’ అని. సలహా మంచిదే. అయితే అది ఎవరికి అవసరం, ఎలా చేస్తే నిలుస్తుంది, ఎక్కడ తప్పితే ఒక్క క్షణంలో కాలిపోతుంది అన్నది తెలుసుకుని చేయించాలి.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంటి ఖర్చు లెక్కలాంటిదే. ముందు రెండు హెడ్‌లైట్లు, ఒక్కొక్కటి 45 వాట్లు, మొత్తం 90. వెనక నాగలి మీదికి వేసిన లైటు 50. వెనక ఎర్ర లైట్లు రెండూ కలిపి 10. అన్నీ కలిపితే 150 వాట్లు. దాన్ని 12 ఓల్టులతో భాగిస్తే పన్నెండున్నర ఆంపియర్లు. ఇది ఖర్చు. మరి రాబడి ఎంత? ఆ కాలపు చిన్న ట్రాక్టరు డైనమో ఇంజను మంచి వేగంలో ఉన్నప్పుడు 11 ఆంపియర్లు ఇస్తుంది. పెద్ద డైనమో అయితే 20 దాకా ఇస్తుంది. ఇంజను ఐడిల్‌లో ఉన్నప్పుడు రెండూ ఇచ్చేది సున్నా.

ఇప్పుడు ఐప్పసి వానలు పడ్డాక ఒక రాత్రి నాలుగు గంటలు దున్నారనుకోండి. గంటకు ఒకటిన్నర ఆంపియర్ల లోటు చొప్పున ఆరు. మధ్యలో గట్టు మీద లైట్లు వేసుకుని ఐడిల్‌లో గంటన్నర నిలిపారు. అప్పుడు ఖర్చంతా బ్యాటరీదే, దాదాపు పందొమ్మిది. రెండూ కలిపి ఇరవై అయిదు. బ్యాటరీ 75 ఆంపియర్ అవర్లది అయితే అందులో మూడో వంతు ఒక్క రాత్రిలో పోయింది. మరునాడు పూర్తిగా నిండకుండానే రెండో రాత్రి మొదలవుతుంది. మూడో ఉదయం సెల్ఫ్ తిరగదు. ఇందులో బ్యాటరీ తప్పు లేదు, డైనమో తప్పూ లేదు. ఆ డైనమోను పగటిపూట దున్నే బండికి, రెండు చిన్న లైట్లకు సరిపడేలా తయారుచేశారు. మనం లైట్లు పెంచాం, రాత్రి పని పెంచాం, డైనమోను మాత్రం అలాగే ఉంచాం.

డైనమోకు, ఆల్టర్నేటరుకు తేడా ఏమిటో చూద్దాం. అయస్కాంతం ఎదుట రాగి తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. రెండు యంత్రాలకూ మూలం అదే. డైనమోలో అయస్కాంతపు చుట్లు బయట కదలకుండా ఉంటాయి. కరెంటు పుట్టే రాగి చుట్లు మధ్యలో ఆర్మెచ్యూరు మీద తిరుగుతాయి. పుట్టిన కరెంటంతా కామ్యుటేటరు మీద రుద్దుకునే కార్బను బ్రష్షుల గుండానే బయటికి రావాలి. బరువైన ఆ చుట్లను మరీ వేగంగా తిప్పితే గాడిలోంచి బయటికి తన్నుకొస్తాయి. అందుకని డైనమోకు పెద్ద పుల్లీ వేసి నెమ్మదిగా తిప్పుతారు. నెమ్మదిగా తిరుగుతుంది గనకనే ఐడిల్‌లో కరెంటు ఇవ్వలేదు.

ఆల్టర్నేటరులో దీన్ని తిరగేశారు. అయస్కాంతం మధ్యలో తిరుగుతుంది. కరెంటు పుట్టే చుట్లు బయట కదలకుండా ఉంటాయి. బ్రష్షుల గుండా పోయేది అయస్కాంతానికి కావలసిన మూడు నాలుగు ఆంపియర్లే. అందువల్ల బ్రష్షులు ఎక్కువ కాలం వస్తాయి, చిన్న పుల్లీ వేసి వేగంగా తిప్పినా భయం లేదు. అయితే అందులో పుట్టేది ఏ.సి. కరెంటు, అదీ మూడు ఫేజులది. సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసే పవర్‌లూములు ఉన్నవాళ్ళకు, పొలంలో బావి మోటారు ఉన్నవాళ్ళకు మూడు ఫేజులంటే వివరించి చెప్పనక్కర్లేదు. కాని బ్యాటరీకి కావలసింది ఒకే వైపు పారే డి.సి. కరెంటు. ఆ మార్పు చేసేవి సిలికాన్ డయోడ్లు. డయోడు అంటే బావి పంపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు లాంటిది. ఒక వైపు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. చౌకైన సిలికాన్ డయోడ్లు వచ్చేదాకా ఆల్టర్నేటరు కార్లకు ఎక్కలేదు. 1960లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన వాలియంట్ కారుకు దాన్ని పెట్టింది. తరవాత ఒక్కొక్క దేశంలో కార్లకు, లారీలకు, ట్రాక్టర్లకు అదే అలవాటైంది.

పాత బండిలో డైనమో పక్కన ఒక నల్లపెట్టె ఉంటుంది. మన మెకానిక్‌లు కటౌటు అంటారు. దానికి రెండు మూడు పనులు. డైనమో ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి పారకుండా తెంచడం, ఓల్టేజి మితిమీరకుండా చూడడం, కొన్నింటిలో ఆంపియర్లు మించకుండా ఆపడం. ఆల్టర్నేటరులో వెనక్కి పారకుండా డయోడ్లే ఆపుతాయి. ఆంపియర్లు ఒక హద్దు దాటకుండా దాని చుట్ల కట్టుబడే ఆపుతుంది. ఓల్టేజి చూసుకునే చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఇప్పటి ఆల్టర్నేటర్లలో చాలావాటికి లోపలే ఉంటుంది. కాబట్టి నల్లపెట్టెకు ఇక పని ఉండదు.

మార్చే ముందు అసలు డైనమో చెడిందో లేదో చూసుకోవాలి. మొదట బెల్టు చూడండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి. అంతకన్నా దిగితే బెల్టు జారుతోందన్నమాట. తరవాత డైనమో వెనక డి, ఎఫ్ అనే రెండు వైర్లూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్ళనూ ఒక ముక్క వైరుతో కలపండి. మీటరు ఒక కాలు అక్కడ, రెండో కాలు డైనమో బాడీకి పెట్టి ఇంజను స్టార్టు చేసి మెల్లగా రైజు చేయండి. ముల్లు వెనక్కి పోతే కాళ్ళు మార్చి పెట్టండి. ఓల్టేజి వణక్కుండా పైకి పోతే డైనమో బాగున్నట్టే, లోపం పెట్టెలోనో వైర్లలోనో ఉంది. 20 ఓల్టులు దాటనివ్వకండి. ఓల్టేజి రాకపోతే బ్రష్షులు అరిగాయేమో, కామ్యుటేటరు మసిబారిందేమో చూడండి. కొత్త బ్రష్షులు వేసి, సన్నని గాజుపేపరుతో రుద్దితే చాలాసార్లు అక్కడికి సరిపోతుంది.

డైనమో బాగుండి కూడా లైట్లకు చాలడం లేదంటే రెండు దారులున్నాయి. ఒకటి ఖర్చు తగ్గించడం. ఇప్పుడు దొరికే ఎల్.ఈ.డి. లైట్లు ఒక్కొక్కటి 18 వాట్లవి మూడు వేసినా, వెనక ఎర్ర లైట్లు కలిపి అయిదున్నర ఆంపియర్లకు మించదు. బండి పగలు దున్ని, రాత్రి ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేది అయితే ఈ దారి చాలు, పాత డైనమోయే మోస్తుంది. రెండోది రాబడి పెంచడం, అంటే ఆల్టర్నేటరు. రాత్రిళ్ళు చెరకు ట్రైలరు లాగేవాళ్ళకు, మాటిమాటికి ఆపి మళ్ళీ స్టార్టు చేసేవాళ్ళకు, డైనమో ఆర్మెచ్యూరు కాలిపోయి వైండింగు ఖర్చు ఎదురైనవాళ్ళకు ఇదే సరైనది. రోడ్డు మీద వెనక లైటు వెలగని ట్రైలరు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? వెనక నుంచి వచ్చే మోటారు సైకిలువాడికి చీకట్లో అది కనపడదు.

ఆల్టర్నేటరు పెట్టాలని నిశ్చయించుకున్నాక చూడవలసిన మొట్టమొదటి సంగతి, బ్యాటరీలో ఏ కొన బండి బాడీకి కలిపి ఉంది అన్నది. ఈ రోజుల్లో అన్ని బండ్లకూ మైనస్ కొన బాడీకి ఉంటుంది. కాని బ్రిటిషు పద్ధతిలో తయారైన పాత ట్రాక్టర్లలో, 1960 దశకం మధ్య దాకా, ప్లస్ కొన బాడీకి ఉండడం మామూలు. దాన్ని పాజిటివ్ ఎర్త్ అంటారు. మనం ఇంట్లో తెలుగు, బజారులో అరవం మాట్లాడినా ఈ మాట మాత్రం రెండింట్లోనూ ఒకటే, మెకానిక్‌ను అలాగే అడగండి. ఇప్పటి ఆల్టర్నేటరును అటువంటి బండికి ఉన్నది ఉన్నట్టుగా కలిపితే డయోడ్లు బ్యాటరీని నేరుగా షార్టు చేస్తాయి. ఇంజను స్టార్టు చెయ్యనక్కర్లేదు, వైరు తగిలించిన క్షణంలోనే డయోడ్లు పోతాయి. ఎల్.ఈ.డి. లైట్లకు కూడా ప్లస్, మైనస్ తేడా ఉంది. వాటికీ ఈ సంగతి చూసుకునే కలపాలి.

బ్యాటరీ మీద గుర్తులు చెరిగిపోతే పోస్టులు చూడండి. లావుగా ఉన్నది ప్లస్, సన్నగా ఉన్నది మైనస్. ఇంకా అనుమానముంటే మీటరు పెట్టి చూడండి, ఊహ మీద పోవద్దు. పాజిటివ్ ఎర్త్ అయితే దాన్ని మార్చడం కష్టం కాదు. బ్యాటరీని తిప్పి పెట్టి, మైనస్‌ను బాడీకి, ప్లస్‌ను సెల్ఫ్ వైపు కలపాలి. పోస్టుల లావులో తేడా ఉంది గనక క్లాంపులు కొత్తవి కావాలి. పాత రకం సెల్ఫ్ మోటారులో శాశ్వత అయస్కాంతం ఉండదు, చుట్లే ఉంటాయి. అందుకని ప్లస్ మైనస్ మారినా అది ఎప్పటి వైపే తిరుగుతుంది. మామూలు బల్బులకు, హారనుకు తేడా లేదు. ఆమ్మీటరు ముల్లు మాత్రం తలకిందులుగా చూపుతుంది, దాని వెనక రెండు వైర్లూ అటుదిటు మార్చాలి. కిరసనాయిలు, పెట్రోలు ఇంజను అయితే ఇగ్నిషన్ కాయిలు వైర్లు కూడా మార్చాలి. డీజిలుకు ఆ బాధ లేదు.

రెండోది పుల్లీ లెక్క. ఇంజను పుల్లీ ఆరంగుళాలు, డైనమో పుల్లీ నాలుగంగుళాలు అనుకుందాం. ఇంజను ఒక చుట్టు తిరిగితే డైనమో ఒకటిన్నర చుట్లు. ఐడిల్‌లో ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరిగితే డైనమో 975. ఆల్టర్నేటరుకు ఆ పాత పుల్లీయే వేస్తే అదీ అంతే తిరుగుతుంది, ఛార్జి ఇవ్వదు. డబ్బు దండగ. రెండున్నర అంగుళాల పుల్లీ వేస్తే ఐడిల్‌లో 1,560 చుట్లు, అక్కడ ఛార్జి మొదలవుతుంది. కాస్త రైజు చేసి ఇంజనును 1,000కి తెస్తే ఆల్టర్నేటరు 2,400కి పోయి లైట్లన్నింటినీ మోస్తుంది. ఇంజను పూర్తి వేగం 2,000 దగ్గర ఇది 4,800 అవుతుంది. ఆల్టర్నేటరుకు అది ఏమంత వేగం కాదు. కొనేటప్పుడు పుల్లీ గాడి వెడల్పు మీ బెల్టుకు సరిపోతుందో లేదో, దాని ఫ్యాను రెక్కలు మీ ఇంజను తిరిగే వైపుకు తగినవో కాదో అడిగి తీసుకోండి.

మూడోది బ్రాకెట్టు. డైనమో పొడుగు, ఆల్టర్నేటరు పొట్టి. పాత బ్రాకెట్టులో మధ్య ఖాళీ మిగులుతుంది. అక్కడ లేత్ మీద కోయించిన గొట్టపు ముక్క వేసి గట్టి బోల్టుతో బిగించాలి. పలచని ఇనుప పట్టీ వేస్తే ట్రాక్టరు అదురుకు నెలలోపే చిట్లుతుంది. పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో నిటారు కర్రో, బిగలాగిన దారమో పట్టి చూడండి. చాలా ట్రాక్టర్లలో ఈ ఒక్క బెల్టే వాటర్ పంపును, రేడియేటరు ఫ్యానును కూడా తిప్పుతుంది. పుల్లీ వంకరగా ఉంటే బెల్టు తెగుతుంది, బెల్టు తెగితే నీళ్ళు మరుగుతాయి, చూసుకోకపోతే సిలిండరు హెడ్డు పోతుంది. బ్యాటరీ కోసం మొదలుపెట్టిన పని ఇంజను మీదికి వస్తుంది. ఇంకొక్క సంగతి. కొన్ని పాత ట్రాక్టర్లలో ఇంజను వేగం, గంటలు చూపే మీటరు కేబులు డైనమో వెనక భాగం నుంచే వస్తుంది. మీ బండి అటువంటిదైతే డైనమో తీస్తే ఆ మీటరు ఆగిపోతుంది. ముందే తెలుసుకుని నిర్ణయించుకోండి.

నాలుగోది వైర్లు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీసెయ్యండి, అన్నీ అయ్యాక చివరగా దాన్ని తగిలించండి. ఛార్జి అయ్యే బ్యాటరీ దగ్గర అంటుకునే గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ పడకూడదు. డైనమో పాత వైరు పది ఇరవై ఆంపియర్లకు వేసినది. ఆల్టర్నేటరు ఖాళీ బ్యాటరీని చూస్తే 35 దాకా పంపుతుంది, ఆ వైరు వేడెక్కి తొడుగు కరుగుతుంది. అందుకని ఆల్టర్నేటరు పెద్ద టెర్మినల్ నుంచి సెల్ఫ్ దగ్గర బ్యాటరీ వైరు వచ్చే బోల్టుకు ఆరు చదరపు మిల్లీమీటర్ల కొత్త రాగి వైరు వేయించి, మధ్యలో 50 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించండి. పాత ఆమ్మీటరు 30 దాకానే చూపేది అయితే ఈ కరెంటును దాని గుండా పంపకండి. నల్లపెట్టెకు వచ్చే డి, ఎఫ్ వైర్లు తీసి కొనలు చుట్టిపెట్టండి. పెట్టె లోపలి కాయిళ్ళు ఇక దేనికీ కలిసి ఉండకూడదు.

అయిదోది ఎర్ర లైటు. తాళంచెవి స్విచ్చి నుంచి ఒక చిన్న బల్బు గుండా ఆల్టర్నేటరు చిన్న టెర్మినలుకు సన్న వైరు పోవాలి. రెండు వాట్ల బల్బు చాలు. ఇది కేవలం అలంకారం కాదు. మొదట అయస్కాంతం పుట్టడానికి కావలసిన కాస్త కరెంటు ఈ బల్బు గుండానే వెళుతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటరు మేలుకోవడానికి ఇంజనును బాగా రైజు చెయ్యవలసి వస్తుంది, ఒక్కోసారి అసలు మేలుకోదు. బల్బు తీసేసి వైరు నేరుగా కలపడం కూడా తప్పే.

అన్నీ అయ్యాక పరీక్ష. తాళం తిప్పితే ఎర్ర లైటు వెలగాలి. ఇంజను పట్టుకుని కాస్త రైజు చేయగానే ఆరాలి. మీటరు బ్యాటరీ మీద పెట్టండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండిన బ్యాటరీ 12.6 ఓల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య నిలవాలి. లైట్లన్నీ వేసి రైజు చేసినా 13.5కు తగ్గకూడదు. 15 దాటితే రెగ్యులేటరు పనిచేయడం లేదు. ఆపెయ్యండి, లేకపోతే బ్యాటరీ నీరు మరిగి ప్లేట్లు పోతాయి.

డైనమో కాలపు కొన్ని అలవాట్లు మానుకోవాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగకపోతే డైనమో బాగుందని చూసేవారు. ఆల్టర్నేటరుతో అలా చేస్తే ఓల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, రెగ్యులేటరు పోతాయి. వైరును బాడీకి తాకించి నిప్పురవ్వ వస్తుందా అని చూడడమూ అంతే. ట్రైలరుకో నాగలికో వెల్డింగు పెట్టించేటప్పుడు ట్రాక్టరుకు తగిలించి ఉంటే, ముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఆల్టర్నేటరు వైర్లూ తీసెయ్యండి. ఇంకో బండి బ్యాటరీతో స్టార్టు చేసేటప్పుడు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ రెండుసార్లు చూసి తగిలించండి. బురద కడిగేటప్పుడు పైపు నీళ్ళు నేరుగా ఆల్టర్నేటరు మీదికి కొట్టకండి.

చివరి మాట. తీసిన డైనమో, నల్లపెట్టె, పాత బ్రాకెట్టు పాత ఇనుముకు వేసెయ్యకండి. నూనె గుడ్డ చుట్టి అటక మీద పెట్టండి. బండికి కొత్త రంధ్రాలు వెయ్యకుండా పని చేయించుకుంటే, ఎప్పుడైనా దాన్ని పాత రూపానికి తేవచ్చు. ఆ తరం ట్రాక్టర్లను ఇష్టపడి వెతికి కొనేవాళ్ళు ఉన్నారు, అసలు విడిభాగాలు ఉన్న బండికి వాళ్ళ దగ్గర విలువ వేరు. ఇక బ్యాటరీ పక్కన బాడీ మీద ‘మైనస్ ఎర్త్’ అని పెయింటుతో నాలుగు అక్షరాలు రాయించండి. పదేళ్ళ తరవాత బ్యాటరీ మార్చేది మీ అబ్బాయో, కొత్త మెకానికో కావచ్చు. పాత పుస్తకం చూసి వాళ్ళు బ్యాటరీని తిప్పి పెట్టకుండా ఆ అక్షరాలే ఆపుతాయి.